జిల్లా చదువుకు ఏటేటా కొలత: చంద్రపూర్ నుంచి చూస్తే

చంద్రపూర్ జిల్లా పిల్లలు నిరుటికన్నా ఈ ఏడు మెరుగ్గా చదువుతున్నారా? జవాబు చెప్పడానికి ఇవాళ కనీసం నాలుగు లెక్కలు ఉన్నాయి. ప్రథమ్ సంస్థ పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వే ఒకటి. కేంద్రం ఎంపిక చేసిన బడుల్లో పెట్టే జాతీయ సర్వే రెండోది. మహారాష్ట్ర ప్రభుత్వం బడుల్లో పెట్టించే పీరియాడిక్ అసెస్‌మెంట్ టెస్ట్ మూడోది. కేంద్ర విద్యాశాఖ జిల్లాలకు గ్రేడులిచ్చే సూచీ నాలుగోది. నాలుగూ ఆ పిల్లల గురించే మాట్లాడతాయి గానీ ఏ రెండూ ఒకే మాట చెప్పాలని లేదు. ఒకటి పెరుగుదల చూపిన చోట ఇంకొకటి తగ్గుదల చూపొచ్చు. అధికారి తనకు నచ్చిన అంకెను పట్టుకుంటాడు, విమర్శకుడు తనకు పనికొచ్చేదాన్ని ఎత్తి చూపుతాడు. బడిలో పంతులుకు మాత్రం ఈ నాలుగింటి కోసం వివరాలు నింపే పని మిగులుతుంది.

లక్ష్యం పెట్టుకుని ఏటా కొలుచుకోవడం మంచిదా కాదా అన్నదగ్గర ఈ చర్చ మొదలైంది. ఇప్పుడు ఏది కొలవాలి, ఎవరు కొలవాలి, ఆ అంకెతో ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుపడ్డాయి. ఆ చిక్కు ఎలా పడిందో, ఎవరి వాదం ఏమిటో, ఏది ఇంకా తేలలేదో చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

జిల్లా అనే కొలమానం

చంద్రపూర్‌లో 15 తాలూకాలున్నాయి. 2011 జనగణన ప్రకారం జనాభా 22 లక్షలు. బల్లార్‌పూర్ కాగితం మిల్లు, ఘుగ్గుస్, రాజురా వైపు బొగ్గు గనులు, తాడోబా అడవి, బ్రహ్మపురి వైపు వరి పొలాలు, జివతి గుట్టల మీద గోండు, కోలాం గూడేలు అన్నీ ఒకే జిల్లా కిందికి వస్తాయి. రాజురా ప్రాంతం నిజాం కాలంలోనూ, ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలోనూ ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆదిలాబాద్ నుంచి విడిపోయి, 1959లో చంద్రపూర్‌లో కలిసింది. తూర్పున ఉన్న గడ్చిరోలి 1982లో దీని నుంచి విడిపోయింది. అందుకే ఈ ప్రాంతంలో మరాఠీ, తెలుగు, గోండి, కోలామి, లంబాడీ భాషలు పక్కపక్కనే వినిపిస్తాయి. బడి పుస్తకం మాత్రం ఎక్కువ చోట్ల మరాఠీలోనే ఉంటుంది.

ఇంత తేడా ఉన్న ప్రాంతాన్ని ఒక్క సగటుతో చెప్పడం ఎంత కష్టమో జివతి తాలూకా అంచున స్పష్టంగా కనిపిస్తుంది. పరందోళి, అంతాపూర్, ముకదంగూడ, మహారాజ్‌గూడ వంటి ఊళ్లు తమవేనని మహారాష్ట్ర, తెలంగాణ రెండూ అంటాయి. అటు జివతి, ఇటు ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం. అక్కడి కుటుంబాలకు రెండు రాష్ట్రాల ఓట్లున్నాయి, రెండు వైపులా రేషన్ వస్తుంది. మరాఠీ బడీ ఉంది, తెలుగు బడీ ఉంది. ఇంట్లో మూడో భాష మాట్లాడే పిల్ల మరాఠీ బడిలో కూర్చుంటే చంద్రపూర్ లెక్కలోకి వస్తుంది, తెలుగు బడిలో కూర్చుంటే ఆసిఫాబాద్ లెక్కలోకి వస్తుంది. ఆ పిల్ల చదువు పెరిగినా తగ్గినా, ఏ జిల్లా పురోగతి అన్నది ఆమె ఎక్కిన గడపను బట్టి తేలుతుంది. ఇలాంటి ఊళ్లు కొన్నే. అయినా జిల్లా అనేది పాలన కోసం గీసిన గీత మాత్రమేననీ, పిల్లల చదువు ఆ గీత ప్రకారం నడవదనీ ఇవి గుర్తు చేస్తాయి.

ఇంకో విచిత్రం కూడా ఉంది. 2018 జనవరిలో కేంద్రం ఎంపిక చేసిన 112 ఆకాంక్షిత జిల్లాల్లో అటు గడ్చిరోలి ఉంది, ఇటు ఆసిఫాబాద్ ఉంది. మధ్యలో చంద్రపూర్ లేదు. ఆ జాబితాలోని జిల్లాలకు వేసే మార్కుల్లో చదువు వాటా 30 శాతం. నెలనెలా ఎంత మెరుగుపడ్డాయో చూసి ర్యాంకులిస్తారు. గోండు గూడేలు మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి. వాటి పురోగతిని చూసే అద్దాలు మాత్రం వేరు.

లక్ష్యం పెట్టి కొలవడం ఎప్పటి నుంచి?

ఇది కొత్త ఆలోచన కాదు. 1862లో ఇంగ్లండ్ ప్రభుత్వం బడులకిచ్చే గ్రాంటును ఇన్‌స్పెక్టరు పెట్టే పరీక్షలో పిల్లలు నెగ్గడంతో ముడిపెట్టింది. 1860లలోనే మద్రాసు ప్రెసిడెన్సీ కూడా ఆ పద్ధతి తెచ్చింది. కోస్తా, రాయలసీమ ఊళ్లలో వీధిబడి పంతుళ్లకు ఫలితాల గ్రాంటు అందేది. ఎంతమంది పిల్లలు చదవడంలో, రాయడంలో, లెక్కల్లో నెగ్గితే అంత సొమ్ము. దీనివల్ల బడులు సర్కారు లెక్కల్లోకి వచ్చాయి. పరీక్షకు పనికొచ్చే వల్లెవేత కూడా అంతే వేగంగా వచ్చింది. 1904లో కర్జన్ ప్రభుత్వం విద్యావిధాన తీర్మానంలో ఈ పద్ధతిని తప్పుపట్టింది. కొలతను సొమ్ముతో ముడివేస్తే ఏమవుతుందన్న చర్చ మన దగ్గరే ఒక విడత జరిగి ముగిసిందన్న మాట.

స్వతంత్ర భారతంలో లెక్క చాలాకాలం బడి భవనాలు, పంతుళ్లు, చేరికల చుట్టూ తిరిగింది. 1991లో కనీస అభ్యసన స్థాయులు ఖరారయ్యాక, తరగతివారీగా పిల్లలకు ఏం రావాలో కాగితం మీదికి వచ్చింది. 1994లో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా పథకం, డీపీఈపీ, తొలిసారి జిల్లానే ప్రమాణంగా తీసుకుంది. ప్రారంభ సర్వేలో తేలిన సగటు స్థాయిని కనీసం 25 శాతం పెంచాలి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య, సామాజిక వర్గాల మధ్య తేడాను 5 శాతంలోపుకి తేవాలి అన్నవి దాని లక్ష్యాలు. సగటు పెంచడం ఒకటి, అంతరం తగ్గించడం ఇంకొకటి అని విడివిడిగా చెప్పడం ఆ పథకం చేసిన మేలు. తర్వాత వచ్చిన సూచీలు చాలావాటిలో ఆ స్పష్టత పలచబడింది.

2005లో అసర్ మొదలయ్యాక చర్చ దిశ మారింది. బడిలో పేరుంది గాని చదవడం రాదు అన్న మాటకు అంకెల ఆధారం దొరికింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని తెచ్చి, ఫెయిల్ చేయడాన్ని ఆపింది. పిల్లలకు ఏం వచ్చిందో బయటి నుంచి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు మాత్రం ఆ చట్టంలో జవాబు లేదు. 2017లో నియమాలు సవరించి తరగతివారీ అభ్యసన ఫలితాలను చేర్చారు. అదే ఏడాది నవంబరు 13న జరిగిన జాతీయ సాధన సర్వే తొలిసారి జిల్లాకో నివేదిక ఇచ్చింది. 2021లో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ పథకం, 2026–27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు చేయడం రావాలని గడువు పెట్టింది. మహారాష్ట్ర అంతకుముందే, 2015 జూన్‌లో, ‘ప్రగత్ శైక్షణిక్ మహారాష్ట్ర’ పేరిట రాష్ట్రవ్యాప్త పరీక్షలు మొదలుపెట్టింది. తెలంగాణలో 2022లో వచ్చిన ‘తొలిమెట్టు’ కూడా ఈ వరసలోదే.

అమెరికాలో జరిగిన పెద్ద ప్రయోగం

ఏటేటా పురోగతి అన్న భావనను చట్టంగా మార్చి, దేశమంతటా అమలుచేసి చూసింది అమెరికా. 2002 జనవరిలో సంతకమైన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం ప్రకారం 2014 నాటికి పిల్లలందరూ, అంటే నూటికి నూరు మంది, చదవడంలోనూ గణితంలోనూ నిర్దేశిత స్థాయికి చేరాలి. అక్కడిదాకా రాష్ట్రాలు ఏటా మెట్లు గీసుకోవాలి. ప్రతి బడీ, ప్రతి విద్యా జిల్లా ఆ ఏటి మెట్టు అందుకోవాలి. సగటు అందుకుంటే చాలదు. నల్లజాతి పిల్లలు, పేదపిల్లలు, ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్లు, వైకల్యమున్నవాళ్లు వంటి ప్రతి వర్గమూ విడిగా అందుకోవాలి. పరీక్షకు 95 శాతం మంది హాజరుకావాలి.

ఈ ప్రయోగం నుంచి తేలినవాటిని రెండు వైపులా పేర్చి చూడొచ్చు.

- మేలు: సగటు చాటున దాగిన వర్గాలు బయటపడ్డాయి. బాగా చదివే పిల్లల మార్కులతో వెనకబడ్డవారిని కప్పిపుచ్చడం కుదరలేదు. బలహీనులను పరీక్ష రోజు ఇంటిదగ్గర ఉంచే దారిని హాజరు నిబంధన మూసింది.
- కీడు: స్థాయిని ఎక్కడ పెట్టాలో రాష్ట్రాలకే వదిలేయడంతో కొన్ని రాష్ట్రాలు దాన్ని దించుకున్నాయి. గీతకు కాస్త దిగువన ఉన్న పిల్లల మీదే శ్రద్ధ పెరిగి, మరీ వెనకబడ్డవారు వెనకనే ఉన్నారని షికాగో బడుల మీద డెరెక్ నీల్, డయాన్ షాన్‌జెన్‌బాక్ చేసిన అధ్యయనం చూపింది. 2011లో వెలువడ్డ అట్లాంటా దర్యాప్తులో, జవాబు పత్రాలు దిద్దిన వ్యవహారంలో 178 మంది ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్ల పేర్లు బయటికొచ్చాయి.

2011 నాటికి దాదాపు సగం బడులు లక్ష్యం అందుకోలేకపోయాయి. సగం బడులు విఫలమైనట్టు చూపే కొలత ఏ బడికి సాయం కావాలో చెప్పలేదు. 2015 డిసెంబరులో కొత్త చట్టం వచ్చి నూరు శాతం గడువును ఎత్తేసింది. ఏటా పరీక్ష, వర్గాలవారీ లెక్క మాత్రం నిలిచాయి. అంటే కొలవడం మీద కాదు, కొలతకు తగిలించిన గడువు మీద, శిక్ష మీద వెనక్కి తగ్గారు. మన చర్చల్లో ఈ తేడా తరచూ జారిపోతుంది.

చేతిలో ఉన్న కొలబద్దలు

చంద్రపూర్‌కు వర్తించే నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటాయి.

- అసర్: జిల్లాకు 30 పల్లెలు, పల్లెకు 20 ఇళ్లు. బడికి వెళ్లినా వెళ్లకపోయినా పిల్లను ఇంటిదగ్గరే, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివిస్తారు. పల్లెలకే పరిమితం. 2014 దాకా ఏటా చేశారు, ఆ తర్వాత పూర్తిస్థాయి సర్వే 2016, 2018, 2022, 2024లలో జరిగింది. బడికీ అధికారికీ దీనివల్ల లాభనష్టాలు లేవు.
- జాతీయ సర్వే: ఎంపిక చేసిన బడుల్లో, ఎంపిక చేసిన తరగతులకు రాతపరీక్ష. 2017, 2021 నవంబరులలోనూ, ‘పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్’ పేరుతో 2024 డిసెంబరు 4నా జరిగింది. 2017లో పరీక్షించింది 3, 5, 8 తరగతులను. 2024లో 3, 6, 9 తరగతులను. చివరి సర్వేలో 781 జిల్లాల నుంచి 21 లక్షలకు పైగా పిల్లలు రాశారు. ఫలితం జిల్లా పేరుతో వస్తుంది గనుక పరువు మాట ఉంటుంది.
- రాష్ట్ర పరీక్ష: మహారాష్ట్రలో ఏడాదికి మూడు విడతలు. ప్రశ్నపత్రం రాష్ట్రం పంపుతుంది, పరీక్ష పెట్టేదీ దిద్దేదీ ఆ బడి పంతులే, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించేదీ ఆయనే. ప్రతి బిడ్డకూ ఫలితం దొరుకుతుంది.
- జిల్లా గ్రేడింగ్ సూచీ: మొదలైనప్పుడు 83 సూచికలు, 600 పాయింట్లు. ఫలితాలకు 290, బోధనకు 90, పాలనకు 84, వసతులకు 51, డిజిటల్ చదువుకు 50, భద్రతకు 35. మొదట 2018–19, 2019–20 సంవత్సరాలకు ఇచ్చారు.

ఈ చివరి సూచీలో ఒక లోపల చిక్కుంది. గ్రేడు సంవత్సరానిది, దాని గుండెకాయ అయిన అభ్యసన ఫలితం మాత్రం జాతీయ సర్వేది. ఆ సర్వే ఏటా జరగదు. అందుకే రెండు సర్వేల మధ్య ఏళ్లలో జిల్లా గ్రేడు కదిలితే, పిల్లల చదువు కదిలినందువల్ల కాదు, వసతులో పోర్టల్ నమోదులో మారినందువల్ల. వార్షిక పురోగతి అన్న పేరు దానికి సగమే నప్పుతుంది.

నాలుగు వాదాలు

*గీత దాటారా లేదా.* నిపుణ్ లక్ష్యమూ అమెరికా చట్టమూ ఈ కోవలోవే. నూటికి ఎంతమంది ఫలానా స్థాయికి చేరారో చెప్పాలంటారు. బలం సరళత. తల్లికీ సర్పంచుకీ అర్థమవుతుంది. బలహీనత ఏమిటో అసర్ కాగితాన్నే దగ్గరగా చూస్తే తెలుస్తుంది. అందులో అక్షరం, పదం, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ అనే మెట్లుంటాయి. ముందు పేరా చదివిస్తారు, తడబడకుండా చదివితే కథ ఇస్తారు, లేకపోతే పదాలకు, అక్షరాలకు దిగుతారు. మూడో తరగతి పిల్లాడొకడు ఏడాదిలో అక్షరాల నుంచి పేరా దాకా వచ్చాడనుకుందాం. రెండు మెట్లు ఎక్కాడు. పక్కవాడు పేరా నుంచి కథకు వచ్చాడు, ఒక్క మెట్టు. ‘కథ చదవగలవారి శాతం’ లెక్కలో రెండోవాడే పురోగతి, మొదటివాడు సున్నా. మొదటివాడి మీద పడ్డ శ్రమ ఏ నివేదికలోనూ కనబడదు.

*ఎంత ఎదిగారు.* బిడ్డను తనతో తానే పోల్చాలన్నది రెండో వాదం. అమెరికాలో టెనెసీ రాష్ట్రం విలియం శాండర్స్ రూపొందించిన పద్ధతిని 1992లో చట్టంలోకి తెచ్చింది. ఇంగ్లండ్ 2016 నుంచి మాధ్యమిక బడులకు ‘ప్రోగ్రెస్ 8’ పేరుతో ఇలాంటిదే వాడింది. పేదపిల్లలు చేరే బడికి ఇది న్యాయం చేస్తుంది. కాని ప్రతి బిడ్డకూ ఏటేటా ఒకే కొలబద్ద మీద పోల్చదగ్గ నమ్మకమైన మార్కు ఉండాలి. చంద్రపూర్‌లో అలాంటి సమాచారం ఇవ్వగలిగింది పంతులు దిద్దే రాష్ట్ర పరీక్ష ఒక్కటే. దాని నమ్మకం మీదే అసలు వివాదం. పైగా వలస పోయిన బిడ్డ లెక్క నుంచి జారిపోతాడు. మిరపకాయ ఏరడానికి తెలంగాణ వైపు వెళ్లే కూలీల కుటుంబాల్లో పిల్లలు ఏడాది చివరి పరీక్షకు ఊళ్లో ఉంటారన్న భరోసా లేదు.

*అన్నీ కలిపి చూడాలి.* మార్కులొక్కటే చూస్తే బడిని కోచింగ్ సెంటరు చేస్తారు, అందుకే మరుగుదొడ్డి, గ్రంథాలయం, పంతుళ్ల ఖాళీలు, భద్రత అన్నీ కలిపి తూచాలంటారు వీళ్లు. జిల్లా సూచీ వీళ్లది. వాదంలో న్యాయముంది. చిక్కు ఏమిటంటే, కలిపిన అంకెలో చదవలేని తరగతిని కొత్త కంప్యూటర్లు కప్పేయగలవు. ఏ సూచికకు ఎన్ని పాయింట్లన్నది కూడా ఢిల్లీలో కూర్చుని తీసుకున్న నిర్ణయమే.

*కొలత తరగతి గదికే పరిమితం.* నాలుగో వాదం ఎక్కువగా ఉపాధ్యాయ వర్గాలది, కొందరు విద్యావేత్తలది. బిడ్డ ఎక్కడ ఆగాడో పంతులుకు తెలియడమే మూల్యాంకనం, పైకి పంపే ప్రతి అంకె బోధన సమయాన్ని తినేస్తుందంటారు. మహారాష్ట్రలో ఆన్‌లైన్ నమోదు పనుల మీద ఉపాధ్యాయులు పదేపదే గొంతెత్తుతున్నది ఇందుకే. వీళ్లకు ఎదురయ్యే ప్రశ్న అసర్ లేవనెత్తినదే: బయటివాళ్లు చూడకపోతే, పిల్లలు వెనకబడ్డ సంగతి ఎన్నేళ్లకు బయటికొస్తుంది?

అంకె ఎంత నమ్మదగింది?

వాదాలు ఎలా ఉన్నా, అంకెకు మూడు పరీక్షలున్నాయి.

మొదటిది నమూనా. జిల్లాకు ఆరు వందల ఇళ్లంటే పెద్ద సర్వేలాగే అనిపిస్తుంది. కాని ఒక్క మూడో తరగతినే తీసుకుంటే దొరికేది కొద్దిమందే. ఉదాహరణకు 70 మంది అనుకుందాం. సగంమంది చదవగలిగారని తేలితే, అసలు విలువ దానికి అటూ ఇటూ 12 పాయింట్లలో ఎక్కడైనా ఉండొచ్చు. ఒకే పల్లె పిల్లలు ఒకేలా ఉంటారు గనుక నిజమైన ఊగిసలాట ఇంకా ఎక్కువ. రెండు సర్వేల మధ్య తేడా చూస్తే ఊగిసలాట 17 పాయింట్లకు చేరుతుంది. అలాంటప్పుడు జిల్లా నాలుగు పాయింట్లు పెరిగిందనో ఐదు తగ్గిందనో రాసే వార్తకు అర్థం లేదు. రాష్ట్రస్థాయిలో ఈ చిక్కు తగ్గుతుంది, బడిస్థాయిలో పెరుగుతుంది. నలుగురు పిల్లలున్న తరగతిలో ఒక్కడు జ్వరంతో మానేసినా ఫలితం 25 పాయింట్ల దాకా మారొచ్చు. పల్లెబడులన్నిటినీ ఒకే ర్యాంకు పట్టికలో పేరిస్తే, మొదట్లోనూ చివర్లోనూ ఎక్కువగా చిన్న బడులే తేలడానికి కారణమిదే.

రెండోది ఆరంభ రేఖ. అసర్ జాతీయ అంకెలు చూడండి. ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలవారు 2018లో 20.9 శాతం, 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. కోవిడ్ తర్వాతి 2022 నుంచి లెక్కిస్తే ఏడు పాయింట్ల పెరుగుదల. 2018 నుంచి లెక్కిస్తే ఆరేళ్లలో రెండున్నర. రెండూ నిజమే. ఏ ఏడాది నుంచి మొదలెట్టారో చెప్పని పురోగతిని ఎలా చదవాలన్నది పాఠకుడికి తెలియదు.

మూడోది నిజాయితీ. 2021లో డగ్ జాన్సన్, ఆండ్రెస్ పరాడో ప్రచురించిన అధ్యయనం జాతీయ సర్వే ఫలితాలను అసర్‌తోనూ, మరో స్వతంత్ర గృహ సర్వేతోనూ పోల్చింది. జాతీయ సర్వేలో రాష్ట్రాల సగటులు బాగా ఎక్కువగా ఉన్నాయి, వాటి ర్యాంకులకూ మిగతా సర్వేల ర్యాంకులకూ పొంతన దాదాపు లేదు. మధ్యప్రదేశ్‌లో అధికారిక పరీక్షను స్వతంత్రంగా తనిఖీ చేసిన అభిజీత్ సింగ్, బడిలో నమోదైన మార్కులు పిల్లల అసలు స్థాయిని పెంచి చూపుతున్నాయని తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆయనే చేసిన ప్రయోగంలో, కాగితం పరీక్షలో కనిపించిన వాపు ట్యాబ్లెట్ మీద పెట్టిన పరీక్షలో చాలావరకు పోయింది. పంతుళ్లు మోసగాళ్లన్నది ఇక్కడి పాఠం కాదు. తన పని మీద తానే తీర్పు రాసి పంపమంటే ఎవరి అంకె అయినా ఒకవైపుకే ఒరుగుతుంది.

కొలిస్తే చదువు పెరుగుతుందా?

మన తెలుగు నేల ఈ ప్రశ్నకు ఒక గట్టి ఆధారమిచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ప్రయోగంలో, పిల్లల మార్కుల సగటు పెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రెండేళ్లలో బోనస్ బడుల పిల్లలు మిగతావారికన్నా గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సామాన్య, సాంఘిక శాస్త్రాల్లోనూ మెరుగయ్యారు. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. పరీక్ష పెట్టింది బడి కాదు, బయటివారు. చూసింది గీత దాటినవారి సంఖ్య కాదు, ప్రతి బిడ్డ ఎదుగుదల. అందుకే అందరికన్నా వెనకున్న బిడ్డను పట్టించుకున్నా పంతులుకు ఫలితం దక్కేది.

దీనికి ఎదురుగా మధ్యప్రదేశ్ అనుభవం ఉంది. బడులను శ్రద్ధగా తనిఖీ చేసి, గ్రేడులిచ్చి, మెరుగుదల ప్రణాళికలు రాయించే కార్యక్రమాన్ని మురళీధరన్, సింగ్ కలిసి పరీక్షించారు. తనిఖీలు జరిగాయి, ప్రణాళికలు పోర్టల్‌లోకి ఎక్కాయి. పిల్లల చదువులో మార్పు రాలేదు. అయినా ఆ నమూనా దేశంలో ఆరు లక్షలకు పైగా బడులకు పాకింది. ‘శాలా సిద్ధి’ అన్న ఆ కార్యక్రమం పేరు విన్న పంతుళ్లకు ఆ కాగితాల సంగతి తెలుసు. కొలతకు ఎవరైనా జవాబుదారీ అయితే గాని, తరగతిలో ఏదైనా మారితే గాని, అంకె తనంతట తాను చదువు చెప్పదు.

ఈ రెండింటి మధ్య ఒక మూడో దారి ఉంది. ప్రథమ్ అసర్ మెట్లనే తరగతిలోకి తీసుకెళ్లి, వయసునో తరగతినో కాకుండా చదివే స్థాయిని బట్టి పిల్లలను గుంపులు చేసి బోధించే పద్ధతిని నడిపింది. తొలిమెట్టు వంటి కార్యక్రమాలు కూడా ఆరంభ పరీక్ష పెట్టి స్థాయులు తేల్చుకునే దగ్గరే మొదలవుతాయి. ఇక్కడ కొలత పైకి పంపే నివేదిక కాదు, మర్నాడు ఏ గుంపుకు ఏం చెప్పాలన్న నిర్ణయం.

ఇంకా తేలనివి

భాష సంగతి తేలలేదు. 2022 మార్చిలో జరిగిన ప్రాథమిక అభ్యసన అధ్యయనం 20 భాషల్లో పరీక్షించి, ధారాళంగా చదవడానికి ఏ భాషకు ఆ భాషలోనే వేరే ప్రమాణం పెట్టింది. అది సబబు. తెలుగు మాట ప్రత్యయాలన్నీ కలుపుకుని పొడుగవుతుంది కాబట్టి నిమిషానికి చదివే మాటల లెక్కలో తెలుగునూ మరాఠీనీ పోల్చలేం. గోండి, కోలామి ఇంటిభాషగా ఉన్న బిడ్డ మరాఠీలో వెనకబడితే అది చదవడం రాకపోవడమా, భాష రాకపోవడమా? ఇప్పటి ఏ జిల్లా అంకె అయినా ఈ రెండింటినీ విడదీయదు.

లక్ష్యం ఎంత ఉండాలన్నదీ తేలలేదు. అందరికీ ఒకే గడువంటే కోలాం గూడేనికీ చంద్రపూర్ పట్టణానికీ ఏటా వేయాల్సిన అంగలు వేరవుతాయి. గూడేనికి తక్కువ లక్ష్యం పెడితే తక్కువకు సరిపెట్టుకోమన్నట్టు. ఒకే లక్ష్యం పెడితే ప్రతి ఏటా విఫలం అన్న ముద్ర. అమెరికా ఈ ముడిని విప్పలేక గడువు ఎత్తేసింది, నిపుణ్ గడువు దగ్గరపడుతున్నకొద్దీ మనకూ అదే ఎదురవుతుంది.

ఎవరి పురోగతి అన్నది మూడోది. పంతుళ్ల ఖాళీలు నింపేది రాష్ట్రం, బడి నడిపేది జిల్లా పరిషత్, పుస్తకం రాసేది పుణె, గ్రేడు ఇచ్చేది ఢిల్లీ. అంకె పడిపోతే నిలదీసేది మాత్రం విద్యాధికారినీ, కొన్ని బడుల సముదాయాన్ని చూసే కేంద్రప్రముఖ్‌నీ.

ఎక్కడ నిలబడాలి?

ఇన్ని వాదాల నుంచి ఒక మాట తేలుతుంది. ఒక్క అంకె మూడు పనులు చేయలేదు. రాష్ట్రం స్థితి తెలుసుకోవడానికి బయటివారు చేసే నమూనా సర్వే చాలు, అయితే దాన్ని జిల్లాల ఏటేటి ర్యాంకులకు వాడకూడదు. పంతులు బోధనకు ప్రతి బిడ్డ మార్కూ కావాలి, అయితే ఆ మార్కుతో పంతుల్ని తూచకూడదు. జిల్లాను నిలదీయాలంటే మూడో లెక్క కావాలి: రాష్ట్ర పరీక్ష రాసిన బడుల్లో కొన్నింటిని చీటీ తీసి, అదే ప్రశ్నపత్రంతో బయటివారి చేత మళ్లీ పరీక్షించడం. పంతులు వేసిన మార్కుకూ బయటి మార్కుకూ తేడా ఎంతో తెలిస్తే మిగతా అంకెలను ఎంత నమ్మాలో తెలుస్తుంది. దీనికి కొత్త పోర్టల్ అక్కర్లేదు. జిల్లాలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్) ఉంది, పొరుగు తాలూకా ఉపాధ్యాయులున్నారు.

ఆ లెక్కను కూడా మూడేళ్ల సగటుగా, ఊగిసలాట హద్దులతో, తాలూకాలవారీగా, ఇంటిభాషవారీగా ప్రకటించాలి. ఏ మెట్టు మీద ఎంతమంది ఉన్నారో మొత్తం చెప్పాలి, గీత దాటినవారి శాతం ఒక్కటే చెబితే చాలదు. సరిహద్దు ఊళ్ల పిల్లలను చంద్రపూర్, ఆసిఫాబాద్ రెండూ కలిసి ఒకే లెక్కలో చూడాలి. ఊళ్లు ఎవరివన్న తగవు తేలకపోయినా ఆ పని ఆగనక్కర్లేదు. ఇవేవీ జరగనంత కాలం జిల్లా పెరిగిందన్న ప్రకటన వచ్చినప్పుడల్లా పాఠకుడు నాలుగు అడగాలి: ఏ ఏడాది నుంచి, ఎంతమందిని చూసి, ఎవరు పరీక్ష పెట్టి, ఎవరిని వదిలేసి? నాలుగింటికీ జవాబున్న అంకెనే పురోగతి అనాలి. లేనిది ఆ ఏటి కార్యాలయ నివేదిక, అంతే.